ఏరడానికి చెత్త లేదని

ఎకో స్కూల్స్ వాళ్లిచ్చే పచ్చజెండా మీద నాకు మోజు పుట్టింది. ఎంత మోజంటే, నేను రోజూ వెళ్లే స్కూలు బస్సు ఇంకో స్కూలు ముందు నుంచి పోయేది. వాళ్ల గేటు మీద ఆ జెండా ఎగురుతుంటే చూడలేక, ఆ మలుపు దగ్గర సెల్‌ఫోన్ తీసి తలదించుకునేవాణ్ణి. ఎవరి జెండా వాళ్లది, నాకెందుకు? కానీ మీకు మాత్రం తెలియదా, పక్కింటి గోడకి కొత్త రంగు వేస్తే మన గోడ ఒక్కసారిగా పాతబడిపోతుంది.

దుబాయ్, షార్జాల్లో భారతీయ స్కూళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒకదాంట్లో నేను సైన్సు మాస్టారిని. 1992లో రియోలో ధరిత్రీ సదస్సు జరిగింది కదా, ఆ ఆలోచనల్లోంచే 1994లో యూరప్‌లో ఈ ఎకో స్కూల్స్ మొదలైంది. ఎమిరేట్స్‌కి 2010లో వచ్చింది. ఇక్కడ దాన్ని నడిపేది ఎమిరేట్స్ నేచర్–డబ్ల్యుడబ్ల్యుఎఫ్. మొత్తం ఏడు మెట్లు. మొదటిది కమిటీ: పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రులు, స్కూల్లో పనిచేసే మిగతా సిబ్బంది అందరూ కలిసి కూర్చోవాలి. రెండోది పరిశీలన: స్కూల్లో ఏది ఎలా ఉందో పిల్లలే తిరిగి చూసి రాయాలి. ఆ తర్వాతే ప్రణాళిక, అమలు, మిగతావన్నీ.

నేను కమిటీలోకి ఎవరిని తీసుకున్నానో చెబుతాను. ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్లు, అక్షరాలు ముత్యాల్లా రాసేవాళ్లు, ఫొటోలో నవ్వడం తెలిసినవాళ్లు. మిగతా సిబ్బంది అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆఫీసులో క్లర్కు గారి పేరు రాసి ఊరుకున్నాను. ఇక రెండో మెట్టు, ఆ పరిశీలన, ఒక సాయంత్రం స్టాఫ్‌రూములో ఏసీ కింద కూర్చుని నేనే పూర్తి చేశాను. మైదానంలో చెత్త ఎంత? మధ్యస్థం. ఎక్కడ? క్యాంటీన్ దగ్గర, తూర్పు మూల దగ్గర. కారకులెవరు? ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు. ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ తూర్పు మూలకి ఆనుకునే ఆరో తరగతి గదులున్నాయి. ఎప్పుడు చూసినా చెత్త అక్కడే. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను. కొన్నేళ్లు పాఠాలు చెప్పాక మనకి ఈ జబ్బు పట్టుకుంటుంది. పిల్లల గురించి వాళ్లకన్నా మనకే ఎక్కువ తెలుసని.

రెండో మెట్టు అలా ఎక్కేసి, తిన్నగా పిల్లల చేత చెత్త ఏరించే ఎకో డేకి వచ్చేశాను. ఫిబ్రవరి, చల్లగా ఉంటుంది, అతిథులు ఎండకి భయపడరు. ఆకుపచ్చ టీషర్టులు, ఆకుపచ్చ బెలూన్లు, ప్లాస్టిక్ చేతి తొడుగులు, ఆ చివర నుంచి ఈ చివరకి నడిస్తే చెప్పులు అరిగేంత పొడుగు ఫ్లెక్సీ బ్యానర్. చెత్తకి వ్యతిరేకంగా నేను కొనిపించిన సామాను చూస్తే, ఒక మోస్తరు పెళ్లికి సరిపోయేది. అవన్నీ మర్నాడు ఎక్కడికి పోతాయన్న ఆలోచన నాకు రాలేదు. రాలేదని చెప్పడం కూడా పూర్తి నిజం కాదు. ఒకమ్మాయి అడిగింది. "తర్వాత చూద్దాంలే అమ్మా" అన్నాను.

ముందు రోజు సాయంత్రం మైదానంలో నిలబడి చూస్తే గుండె జారింది. చెత్త లేదు! ఒక్క కాగితం ముక్క లేదు. రేపు అతిథి వచ్చి, పిల్లలు తొడుగులు వేసుకుని, కెమెరాలు సిద్ధమైతే ఏరడానికి ఏముంది?

ఇక్కడ స్కూళ్లు ఎలా శుభ్రంగా ఉంటాయో తెలియని వాళ్లకి ఒక మాట. పిల్లల బస్సులు వచ్చేలోపే, ఇంకా చీకటుండగానే, కాంట్రాక్టు కంపెనీ మనుషులు మైదానమంతా ఊడ్చేస్తారు. ప్రతి బ్రేకు అయ్యాక మళ్లీ ఊడుస్తారు. బయట దుబాయ్ వీధుల్లో చెత్త వేస్తే 500 దిర్హాముల జరిమానా. కారులోంచి విసిరితే 1,000 దిర్హాములు, దానికి తోడు లైసెన్సు మీద ఆరు నల్ల పాయింట్లు. జరిమానా భయం కొంత, ఊడ్చే చేతులు మరెంతో. ఆ చేతుల్లో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మన తెలుగువాళ్లవి ఎన్నో ఉన్నాయి. మా పిల్లలు ఒక్కరోజైనా ఊడవని మైదానాన్ని చూడలేదు. పొద్దున తెల్లారినట్టే శుభ్రత కూడా దానంతటదే వస్తుందని వాళ్ల నమ్మకం. వాళ్లకి ఆ నమ్మకం ఉండటంలో వింత లేదు, నాకు ఉండటమే ఘోరం.

మా మైదానం ఊడ్చే మనుషుల్లో జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. నాకంటే వయసులో పెద్ద. అన్నా అనే పిలుస్తాను. ఆ సాయంత్రం ఆయన దగ్గరికెళ్లి, ఇవాళ ఎత్తిన చెత్త సంచులు పారెయ్యకుండా దాచమని, పొద్దున్నే మైదానంలో అక్కడక్కడ కుమ్మరించమని చెప్పాను.

"ఊడ్సినంక మల్ల పోసుడేంది సార్?" అన్నాడు ఆయన.

"పిల్లలకి నేర్పడానికి అన్నా" అన్నాను.

స్వచ్ఛ భారత్ 2014 అక్టోబరు 2న మొదలైంది. ఆ కొత్తలో ఢిల్లీలో ఒకచోట ఎండుటాకులు తెచ్చి చల్లి, ఆ తర్వాత నాయకులు చీపుళ్లు పట్టి ఫొటోలు దిగారని పత్రికల్లో వచ్చింది. ఆ ఫొటోలు చూసి మా స్టాఫ్‌రూములో అందరికన్నా ఎక్కువ తిట్టింది నేనే. సిగ్గులేని మనుషులన్నాను. ఆ మాట అన్న నోటితోనే అన్నకి ఈ పని పురమాయించాను. అప్పుడు మాత్రం అది మోసంలా అనిపించలేదు, ఏర్పాటు అనిపించింది. మనం చేస్తే ప్రతిదీ ఏర్పాటే.

ఇక తెల్లారింది. అతిథి వచ్చారు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. నేను మైకు పట్టుకుని పుడమితల్లి గురించి రెండు వాక్యాలు మాట్లాడానో లేదో, గాలి మొదలైంది. షమాల్. వాయవ్యం నుంచి ఇసుకని మోసుకొచ్చే గాలి, ఈ దేశంలో ఎవరికీ కొత్త కాదు, ముందురోజు వాతావరణ సూచన చూసినవాళ్లెవరికీ కొత్త కాదు, నేను చూడలేదు. టిష్యూలు లేచాయి, చిప్స్ ప్యాకెట్లు లేచాయి, బ్యానర్ ఒక పక్క తాడు తెంచుకుని టపటపా కొట్టుకుంది, పిల్లలు ఏరడం మానేసి పరుగు పెట్టారు, వెనకాల టీచర్లు, వాళ్ల వెనకాల నేను, అంతలోనే సంచిలో ఉన్నదంతా గోడ దాటి రోడ్డు మీదకి, రోడ్డు దాటి ఎదురుగా ఖాళీగా ఉన్న ఇసుక మైదానంలోకి. రెండో తరగతి పిల్లాడొకడు అతిథి పక్కనే నిలబడి, చక్కగా అందరికీ వినపడేలా అడిగాడు: "సార్, పొద్దున అంకుల్ ఈ చెత్త వేస్తుంటే బస్సులోంచి చూశాను. ఎందుకు వేశారు?"

అందరూ నావైపు చూశారు. నేను అన్న వైపు చూశాను. చూసి, గట్టిగా, ఆశ్చర్యపోయినట్టుగా, "ఎవరు వేశారు ఇదంతా?" అన్నాను.

"నేనే సార్" అన్నాడు ఆయన.

ఇంకొక్క మాట ఆయన అనలేదు. ఎండుటాకులు చల్లినవాళ్లు ఇంత పని చేశారని ఏ పత్రికా రాయలేదు. కాంట్రాక్టు కంపెనీలో పనిచేసే మనిషి మీద అతిథి ముందు అలాంటి మాట పడితే ఏమవుతుందో నాకు తెలియకపోలేదు. జీతంలో కోత పడొచ్చు, పని చోటు మారొచ్చు. అవన్నీ తెలిసీ నా పరువు కోసం ఆయన్ని ముందుకి తోశాను. పరువు పోతుందనుకున్న ఆ క్షణంలో మనలో చాలామందిమి దగ్గరున్న బలహీనుణ్ణే వెతుక్కుంటాం. ఇంట్లో గ్లాసు పగిలితే పనమ్మాయి వైపు చూడని ఇల్లు ఎక్కడుంది?

మర్నాడు పొద్దున్నే వాళ్ల సూపర్‌వైజర్ని కలిసి, ప్రిన్సిపల్‌ని కలిసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ తర్వాత అన్న దగ్గరికి వెళ్లాను. క్షమించమంటే ఆయనకే ఇబ్బందిగా ఉంది, మాట మార్చాడు. మాట మార్చి ఆయన చెప్పిన సంగతులు నా పరిశీలన ఫారంలో ఉన్న ప్రతి గీతనీ చెరిపేశాయి.

"పోరగాండ్లు నీడకు కూసోని తింటరు సార్. డబ్బాలన్ని ఎండల వెట్టిన్రు. గంత దూరం ఎవలు వోతరు?" అన్నాడు. చెత్త డబ్బాల మూతలు ఎవరూ ముట్టరని చెప్పాడు. "కరోనాల మీరే గదా చెప్పింది, ఏదీ ముట్టొద్దని." అసలు చెత్త ఎక్కువ పడేది బ్రేకులో కాదు, ఇంటికెళ్లే బస్సుల కోసం నిలబడినప్పుడని చెప్పాడు. ఇంట్లో చపాతీలు చుట్టి పంపే మెరిసే కాగితం ఉంది చూశారా, ఆ ఫాయిల్‌ని ఉండచుట్టి పిల్లలు ఫుట్‌బాల్ ఆడతారట. "ఆళ్లకు అది చెత్త కాదు సార్, బంతి. బెల్లు గొట్టంగనే ఆడనే ఇడిసి ఉరుకుతరు."

రోజూ ఆ మైదానం పక్కనే నడిచిపోయే నేను, సైన్సు మాస్టారిని, పరిశీలన అన్న మాటని పిల్లల చేత వందల సార్లు రాయించినవాణ్ణి, ఈ నాలుగింట్లో ఒక్కటీ చూడలేదు.

అయితే అన్న చెప్పిందే తీర్పు అనుకుంటే మళ్లీ మొదటి తప్పే అవుతుంది కదా. చెప్పినవాడు మారాడు, పరీక్ష ఎక్కడుంది? అందుకని ఈసారి పనిని పిల్లలకే ఇచ్చాం. చెత్త గురించి తెలుసుకోవాలంటే ముందు చెత్త కనపడాలి. ఒక్క స్కూలు రోజు మైదానం ఊడవకుండా వదిలెయ్యమని ప్రిన్సిపల్‌ని అడిగాను. ఆవిడ చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తల్లిదండ్రులు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడితే ఎవరిది జవాబుదారీ అన్నారు. నాదే అని రాసిచ్చాను.

పిల్లలు మైదానం పటం గీశారు, గళ్లు గీశారు, ఇద్దరికో గడి పంచుకున్నారు. బడి మొదలవకముందు, బ్రేకు తర్వాత, బస్సులు వచ్చే ముందు: మూడు వేళల్లో లెక్క. దొరికిన ప్రతి వస్తువుకీ నాలుగు ప్రశ్నలు. అది ఏమిటి, ఎక్కడ దొరికింది, ఇంటి నుంచి వచ్చిందా క్యాంటీన్‌దా, అక్కడే పడేశారా గాలికి కొట్టుకొచ్చిందా. ఈసారి కమిటీలో ముత్యాల అక్షరాల వాళ్లే కాదు, ఆరో తరగతి మగపిల్లలు కూడా ఉన్నారు. వాళ్లని పిలిచినప్పుడు, శిక్షేమో అనుకుని బిక్కమొహాలతో వచ్చారు.

ఆ ఆరో తరగతి సంగతే ముందు తేలింది. తూర్పు మూల అని నేను రాసింది నిజానికి ఆగ్నేయ మూల. షమాల్ వాయవ్యం నుంచి వీస్తుంది. మైదానంలో తేలికైనదేదైనా సరే, గాలి దాన్ని తోసుకుంటూ ఆగ్నేయాన గోడకి తెచ్చి పెడుతుంది. అక్కడ దొరికిన వాటిలో ఎక్కువ భాగం క్యాంటీన్ వైపు నుంచి, పెద్ద క్లాసుల వాళ్లు కూర్చునే బెంచీల వైపు నుంచి వచ్చినవే. పిల్లలు గుర్తులేసిన కాగితం ముక్కలు బెంచీల దగ్గర వదిలి, అవి ఎక్కడికి చేరుతున్నాయో చూసి మరీ తేల్చారు. ఎన్ని బ్యాచ్‌ల ఆరో తరగతి పిల్లలు గాలి చేసిన పనికి నా చేత తిట్లు తిన్నారో! ఉన్నవాళ్లకి క్లాసులోనే క్షమాపణ చెప్పాను. పెద్దయి వెళ్లిపోయినవాళ్లకి చెప్పే దారి లేదు.

క్యాంటీన్ మీద నేను వేసిన నిందా సగమే నిలిచింది. ఒమన్ చిప్స్ నలిపి వేసిన పొరోటా చుట్టల కాగితాలు దొరికిన మాట నిజం. వాటికి దీటుగా ఇంటి సామాను దొరికింది: ఫాయిల్ ఉండలు, జిప్ సంచులు, టిష్యూలు, జ్యూస్ డబ్బాల స్ట్రాలకి ఉండే సన్నటి తొడుగులు. స్ట్రా తొడుగూ, చిప్స్ ప్యాకెట్ చింపినప్పుడు ఊడే మూల ముక్కా మరీ చిన్నవి. పిల్లలకి అవి పారేసినట్టే తెలియదు. ప్యాకెట్‌ని బుద్ధిగా డబ్బాలో వేసిన పిల్లాడు కూడా ఆ మూల ముక్కని ఎప్పుడో వదిలేసి ఉంటాడు.

జాబితా చివర ఒకమ్మాయి కొత్త గడి గీసింది. పైన ఎకో డే అని రాసింది. పగిలిన ఆకుపచ్చ బెలూన్ల రబ్బరు, రిబ్బన్ పోగులు, బ్యానర్ కట్టిన ప్లాస్టిక్ టైలు. ముందు "తర్వాత చూద్దాంలే" అని నేను సర్దిచెప్పింది ఈ అమ్మాయికే. ఆ గడిని ఉంచేయమన్నాను. అది అసెంబ్లీలో అందరి ముందూ చదివారు.

రాబర్ట్ సియాల్దీనీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన ప్రయోగాలు ఈ సమయంలోనే పిల్లలకి చెప్పాను. కార్ల అద్దాలకి కరపత్రాలు పెట్టి, ఎవరు నేల మీద పారేస్తారో వాళ్లు గమనించారు. అప్పటికే చెత్తగా ఉన్న చోట జనం ఎక్కువ పారేశారు, శుభ్రంగా ఉన్న చోట తక్కువ పారేశారు. చెత్త చెత్తని పిలుస్తుందన్నమాట. ఇది చెప్పాక నాకు ఇంకో భయం పట్టుకుంది. పిల్లలకి నేర్పడానికి అంటూ నేను మైదానంలో పోయించిన ఆ సంచులు నిజంగా ఏం నేర్పి ఉంటాయి? ఇక్కడ పారెయ్యొచ్చు అని నేర్పి ఉంటాయి.

గోడ దాటి ఇసుకలోకి పోయిన సంచుల సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ పట్టుకునే ఉంది. దుబాయ్ సెంట్రల్ వెటర్నరీ రీసెర్చ్ లేబొరేటరీలో ఉల్రిచ్ వెర్నరీ బృందం 2008 నుంచి చనిపోయిన ఒంటెలని సుమారు 30,000 దాకా పరీక్షించింది. వాటిలో 300 ఒంటెల కడుపుల్లో ప్లాస్టిక్ ముద్దలు కట్టి ఉంది. ఒక్కో ముద్ద 3 కిలోల నుంచి 64 కిలోల దాకా. ఎడారిలో నేల మీద ఉండే వస్తువు ఒంటెకి తిండిలానే కనిపిస్తుంది. కడుపు నిండినట్టుండి, తినడం మాని, బక్కచిక్కి చనిపోతుంది. మన ఊళ్లలో ఆవులకీ ఇదే గతి. మా పిల్లల్లో సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు చెత్తకుప్పల దగ్గర ఆవుల్ని చూసిన వాళ్లున్నారు. వాళ్లకి విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. నేను పోయించిన సంచుల కోసం ఎదురుగా ఉన్న ఆ ఇసుకలో కొంతమంది టీచర్లం తిరిగి వెతికాం. దొరికినంత ఏరాం. అన్నీ దొరకలేదు.

ఆ తర్వాత చేసినవి చిన్న పనులే. డబ్బాలు నీడలోకి మారాయి. మూతలు తీసేశాం. తీసేసిన వారంలోనే గోరింకలు, కాకులు లోపలివన్నీ బయటికి లాగి పడేశాయి. అప్పుడు మూత ఉంచి, పక్కన చెయ్యి తగలకుండా వేసే కంత ఉన్న బరువైన డబ్బాలు తెప్పించాం. వ్యాయామం మాస్టారు బ్రేకుకి మెత్తటి బంతులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఫాయిల్ ఉండలు దాదాపు మాయమైపోయాయి. ఎన్ని ఉపన్యాసాలు, ఎన్ని పోస్టర్లు కావాలనుకున్నానో దానికి! పిల్లలు ఆడుకోవాలనుకున్నారు, వాళ్లకి బంతి లేదు. అంతే కారణం. చపాతీలు ఫాయిల్‌లో కాకుండా డబ్బాల్లో పెట్టమని అమ్మలకి ఉత్తరాలు పిల్లలే రాశారు. నాకు ఒక్క అక్షరం దిద్దే అవకాశం ఇవ్వలేదు.

దేశం కూడా ఇటే నడుస్తోంది. అబుదాబిలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచుల్ని 2022 జూన్‌లో నిషేధించారు. దుబాయ్ అదే ఏడాది జూలైలో సంచికి 25 ఫిల్సులు వసూలు చేసి, 2024లో నిషేధానికి వచ్చింది. అదే 2022లో దుబాయ్ కెన్ అని ఊరంతా సీసాలు నింపుకునే నీళ్ల కేంద్రాలు పెట్టారు. 2026 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ కప్పులు, స్పూన్లు, స్ట్రాలు కూడా ఆ జాబితాలో చేరాయి. చట్టం ఎంత పెద్దదైనా, చిప్స్ ప్యాకెట్ మూల ముక్క లాంటిది మాత్రం ప్రతి బడీ తన మైదానంలో తానే వంగి వెతుక్కోవాలి.

అన్న ఇప్పుడు కమిటీలో ఉన్నాడు. సమావేశానికి వచ్చే సమయాన్ని డ్యూటీ కిందే లెక్కపెట్టాలని వాళ్ల కంపెనీతో మాట్లాడి ఒప్పించాం. లేకపోతే ఆయన విశ్రాంతిని మనం తినేసినట్టే. ఆయన తెలుగులో చెబుతాడు, తెలుగు రాని పిల్లలకి గల్ఫ్ హిందీలో చెబుతాడు. అర్థం కాని చోట నేను అందుకోబోతే, ఎనిమిదో తరగతి వరంగల్ అమ్మాయి నాకంటే ముందే అందుకుంటుంది.

బస్సుల వేళ చెత్త మాత్రం ఇంకా తగ్గలేదు. అక్కడ నిలబడే పిల్లల చేతుల్లో ఏమున్నాయో, బస్సు ఎక్కాక అవి ఎక్కడికి పోతున్నాయో మాకు పూర్తిగా తెలియదు. బస్సుల్లో లెక్క ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవగానే పెడతాం. ఫారం ముట్టుకునే ముందు డ్రైవర్లనీ, బస్సుల్లో పిల్లల్ని చూసుకునే ఆయాలనీ కూర్చోబెట్టి అడగాలని పిల్లలు నిర్ణయించారు. ప్రశ్నలు రాసే పని ఆరో తరగతి వాళ్లు తీసుకున్నారు.